పక్కింటి పది

రెండు వాటాల ఇంట్లో ఎడమ వాటా, ముందు గది. ట్యూషన్ చెప్పే టీచరు, కుడి వాటాలో ఉండే మూడో తరగతి పిల్ల.

“మళ్ళీ ఇరవై ఆరేనా?”

“ఇరవై ఆరే టీచర్.”

“యాభై రెండులోంచి ముప్ఫై ఎనిమిది తీస్తే ఇరవై ఆరు ఎలా వస్తుందే? ఏదీ, పైకి చెబుతూ చెయ్యి.”

“ఎనిమిదిలోంచి రెండు పోతే ఆరు. అయిదులోంచి మూడు పోతే రెండు. ఇరవై ఆరు.”

“ఎనిమిదిలోంచి రెండు కాదమ్మా. రెండులోంచి ఎనిమిది. పైదాంట్లోంచి కిందది.”

“రెండులోంచి ఎనిమిది పోదు టీచర్.”

“పోదు. పోకపోతే ఏం చేస్తాం? పోయిన వారం గడగడా చెప్పావు కదా.”

“పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తాం.”

“అబ్బ, ఎవరు నేర్పారే నీకీ అడ్డదారి? పోయిన వారం షీటులో ఒక్క తప్పు లేదు. నక్షత్రం కూడా అంటించి ఇచ్చాను. ఏదీ ఆ నక్షత్రం?”

“అమ్మ ఊడదీసి అద్దం మీద పెట్టుకుంది.”

“చూశావా మరి. సోమవారం పరీక్ష. ఇప్పుడు నువ్వు తీసివేతలు మర్చిపోతే మీ అమ్మ ఆ నక్షత్రం పీకి తెచ్చి నా నుదుటి మీద అంటిస్తుంది.”

“అంటించదు టీచర్.”

“ఏం, నేనంటే అంత గౌరవమా?”

“పడుకుంది.”

“ఈ వేళప్పుడా? ఒంట్లో బాగోలేదా?”

“టీచర్, రెండో లెక్క చెయ్యనా?”

“మొదటిది సరిగ్గా వస్తే కదా రెండోది. ఉండు, పాఠం కాగితం తీస్తాను. ఈ రెడీమేడ్ పాఠాలతో ఒక సుఖముంది గువ్వా, మన బుర్ర వాడక్కర్లేదు. ఎవరో కూర్చుని అన్నీ రాసి పెట్టారు. నేను ఎక్కడ నవ్వాలో కూడా రాశారు. ఇదిగో విను, ‘ఇక్కడ టీచరు చిరునవ్వుతో పిల్లల వైపు చూడాలి.’ చూశానా?”

“చూశారు.”

“నవ్వానా?”

“కొంచెం.”

“ఆ కొంచెం చాల్లే. ఇంక పాఠం. ‘మూడు ఇళ్ళు వరసగా ఉన్నాయి. ఒకట్ల ఇల్లు, పదుల ఇల్లు, వందల ఇల్లు. ఒకట్ల ఇంట్లో రెండే ఉన్నాయి. ఎనిమిది కావాలి. అప్పుడు ఆ ఇంటివాళ్ళు ఏం చెయ్యాలి?’ చెప్పు.”

“తెలీదు.”

“బొమ్మ చూసి చెప్పు. ఈ జడల పిల్ల ఏం చేస్తోంది?”

“పక్కింటి తలుపు కొడుతోంది.”

“అద్గదీ. ‘పక్కింటి తలుపు కొడితే పది ఇస్తారు. పక్కింటివాళ్ళు ఎప్పుడూ కాదనరు.’ మా చిన్నప్పుడు దీన్ని అప్పు తెచ్చుకోవడం అనేవాళ్ళు. పసిపిల్లలకి అప్పులు నేర్పకూడదనేమో, వీళ్ళు తలుపు కొట్టడం అని మార్చారు. కొట్టు మరి.”

“వద్దు టీచర్.”

“ఏం వద్దు?”

“నేను పక్కింటి తలుపు కొట్టను.”

“లెక్కలో కొట్టమంటున్నానే. నిజంగా కాదు.”

“లెక్కలో కూడా వద్దు. ఇంట్లో ఉన్నవాటితోనే చేస్తాను.”

“ఇంట్లో ఉన్నవి చాలడం లేదుగా.”

“సరిపెట్టుకోవాలి.”

“ఇది నీ నోట్లో మాట కాదే. ఎవరిది?”

“కూడికలు ఇవ్వండి టీచర్. కూడికలు బాగా చేస్తాను. కూడికల్లో పది ఎక్కువైతే మనమే పక్కింటికి ఇచ్చేస్తాం. వెళ్ళి అడగక్కర్లేదు.”

“బాగుంది. పరీక్షలో తీసివేతలిస్తే నువ్వు కూడికలు చేసి వస్తావన్నమాట. సరే, కూడికే చెయ్యి. నీ ఇరవై ఆరూ, ఆ ముప్ఫై ఎనిమిదీ కలుపు. ఎంత?”

“అరవై నాలుగు.”

“మొదట మన దగ్గర ఎంత ఉంది?”

“యాభై రెండు.”

“మరి ఈ అరవై నాలుగు ఎక్కణ్ణుంచి వచ్చింది? లేనిది పుట్టిందా?”

“తప్పు టీచర్.”

“తప్పని తెలుస్తోందిగా. తెలిసీ అలాగే ఎందుకు చేస్తున్నావు?”

“వేరే దారి లేదు టీచర్.”

“దారి ఇప్పుడే చెప్పాను కదే... ఏయ్, ఎడం చేత్తో రాస్తున్నావేంటి? అందుకా అంకెలన్నీ వంకరగా వాలిపోయాయి.”

“కుడి చెయ్యి నొప్పి.”

“ఏదీ, బల్ల కింద దాచకు. చూపించు. అయ్యో, ఈ కణుపులేంటి ఇలా వాచాయి? ఎవరైనా కొట్టారా?”

“లేదు టీచర్. నేనే కొట్టాను.”

“నువ్వా? ఎవర్ని?”

“లెక్కలు తప్ప వేరే మాటలు మాట్లాడొద్దన్నారు నాన్న.”

“ఎప్పుడన్నారు?”

“వాన పడ్డ మర్నాడు పొద్దున.”

“వాన... సరే, సరే. రెండో లెక్క చెయ్యి.”

“మొదటిది సరిగ్గా వస్తేనే అన్నారుగా?”

“అన్నాన్లే. చెయ్యి ముందు. అరవై మూడులోంచి ఇరవై ఏడు.”

“ఏడులోంచి మూడు పోతే నాలుగు. ఆరులోంచి రెండు పోతే నాలుగు. నలభై నాలుగు.”

“ఊఁ.”

“తప్పా టీచర్?”

“తప్పే. పొద్దున ఏం తిన్నావు నువ్వు? మొహం అంతా పీక్కుపోయింది.”

“అది లెక్క కాదు టీచర్.”

“లెక్క చేస్తాను చూడు. పొద్దున నువ్వు బిస్కెట్లు తిన్నావా, ఇంకేమైనా తిన్నావా?”

“బిస్కెట్లు.”

“ఎన్ని?”

“నాలుగు.”

“ఇప్పుడిది లెక్కా, కాదా?”

“లెక్కే.”

“మీ అమ్మ ఎన్ని తింది?”

“సున్నా.”

“నిన్న?”

“నిన్న కూడా సున్నా.”

“మొన్న?”

“మొన్న...”

“టీచరు గారూ, లోపలికి రావచ్చా?”

“ఎవరూ... మీరా. రండి, రండి. గువ్వా, మీ నాన్న వచ్చారు. కుర్చీలో కాగితాలు తీసెయ్యి, కూర్చుంటారు.”

“కూర్చోనండీ, పనులున్నాయి. బిస్కెట్లంటూ ఏదో వినపడింది గోడవతలికి.”

“పాఠంలో ఉందండీ. బిస్కెట్లు పంచుకోవడం గురించి.”

“తీసివేతలన్నారుగా ఇవాళ?”

“తీసివేతలకి ముందు వస్తుందండీ అది.”

“ఓహో. మన మధ్య ఉన్న గోడ మరీ పలచన. కట్టినవాడు ఇటుకల దగ్గర పీనాసితనం చూపించాడు. మీ మిక్సీ తిరిగితే మా గూట్లో గిన్నెలు అదురుతాయి.”

“తగ్గించి తిప్పుకుంటానండీ ఇకమీదట.”

“అయ్యో, అందుకు కాదు. మీవి మాకు ఇంత వినపడుతుంటే మావి మీకు ఎంత వినపడుతున్నాయో అని.”

“ఏం వినపడవండీ.”

“ఏమీ?”

“ఏమీ.”

“మొన్న వాన రాత్రి కూడా?”

“నేను పెందరాళే మాత్ర వేసుకుని లైటు ఆర్పేస్తానండీ. ఇంక తెల్లారేదాకా ఈ లోకంతో నాకు పని లేదు. పక్కన పిడుగు పడ్డా తెలీదు.”

“అదృష్టవంతులు. మా ఆవిడకి అదే ఉండేది కాదు, నిద్ర.”

“ఆవిడకి... ఎలా ఉందండీ? రెండు రోజులైంది కనపడి.”

“పుట్టింటికి వెళ్ళింది. నిన్న తెల్లవారుజామునే బయల్దేరింది. మీరు మంచి నిద్రలో ఉండి ఉంటారు.”

“ఉండి ఉంటాను.”

“అదే మీ ఆరోగ్యానికి మంచిది. ఇంతకీ వచ్చిందెందుకంటే, మేం ఇల్లు మారుతున్నాం. ఇవాళే. చీకటిపడ్డాక వ్యాను వస్తుంది.”

“ఇవాళేనా? సోమవారం పిల్లకి పరీక్ష కదండీ.”

“పరీక్షలు ఏ బళ్ళో అయినా పెడతారు. మిగిలిన పాఠాలూ షీట్లూ ఒక కవర్లో పెట్టి ఇచ్చేయండి, నేనే చెప్పుకుంటాను. అన్నీ రాసే ఉంటాయిగా, పెద్ద కష్టమేముంది?”

“కష్టమేం లేదండీ. చదువుకుంటూ పోవడమే.”

“ఏదీ, ఏం చేసిందో చూడనీండి. ఈ ఇంటూ గుర్తులేంటి?”

“తీసివేతలు కొంచెం తడబడుతోందండీ.”

“ఈ బొమ్మేంటి? ఈ పిల్ల ఏం చేస్తోంది?”

“అది... పదుల స్థానం నుంచి తెచ్చుకోవడానికి పెట్టిన బొమ్మండీ. పై అంకె చాలకపోతే పక్కింటి తలుపు కొట్టాలని చెబుతాం. పిల్లలకి గుర్తుంటుందని.”

“ఇలాంటివి చెప్పకండి టీచరు గారూ.”

“లెక్క వరకేనండీ.”

“అన్నీ లెక్క దగ్గరే మొదలవుతాయి. ఇంట్లో విషయం ఇంట్లో ఉండాలి. చాలకపోతే సరిపెట్టుకోవాలి. ఊళ్ళో వాళ్ళ తలుపులు బాదడం దేనికి? ఏమ్మా, నువ్వు కొడతావా పక్కింటి తలుపులు?”

“కొట్టను నాన్నా.”

“విన్నారా.”

“విన్నానండీ.”

“మంచి పిల్ల. చెప్పింది చెప్పినట్టు వింటుంది. సరే, ఈ షీటు పూర్తి చేయించి పంపండి. నేను వెనక గదిలో సామాను సర్దాలి. చప్పుళ్ళు వస్తే కంగారుపడకండి, బీరువా జరుపుతాను.”

“ఒక్కరే ఎలా జరుపుతారండీ?”

“అలవాటే. తొందరేం లేదమ్మా, నిదానంగా చెయ్యి. కానీ తప్పులు లేకుండా రా.”

“అలాగే నాన్నా.”

“వస్తానండీ.”

“మంచిది.”

“టీచర్, మూడో లెక్క చెయ్యనా?”

“ఉష్. లోపలికి వెళ్ళారా?”

“వెళ్ళారు. మా తలుపు గడియ పడింది.”

“ఇలా దగ్గరికి జరుగు. నువ్వు లెక్క పైకి చదువు, గోడవతలికి వినపడేలా. మధ్యలో నేనడిగిందానికి మాత్రం నా చెవిలో చెప్పు. సరేనా?”

“నాలుగు వందల రెండు. తీసివేత. నూట డెబ్భై ఎనిమిది.”

“మీ అమ్మ ఊరెళ్ళిందా?”

“నాన్న వెళ్ళిందన్నారు.”

“నువ్వు పడుకుందన్నావుగా.”

“అదీ నాన్నే అన్నారు. ఎనిమిదిలోంచి రెండు పోతే ఆరు.”

“నువ్వు చూశావా అమ్మని?”

“వెనక గదికి తాళం టీచర్.”

“మరి అమ్మ చెప్పులు? ఊరెళ్తే చెప్పులు వేసుకుని వెళ్ళాలిగా.”

“గుమ్మంలోనే ఉన్నాయి. మీరూ చూశారుగా, పొద్దున వాకిలి ఊడుస్తూ. చూసి చీపురు ఆపారు. మళ్ళీ ఊడ్చుకున్నారు.”

“లెక్క ఆపకు, గట్టిగా చదువు.”

“ఏడులోంచి సున్నా పోతే ఏడు.”

“తాళం వేసిన గదిలోంచి ఏమైనా వినపడిందా నీకు? చెవిలో చెప్పు.”

“అమ్మ మంచినీళ్ళు అంటుంది. మెల్లిగా.”

“ఎప్పుడు? ఇవాళా?”

“ఇవాళ పొద్దున అంది. తలుపు కింద నుంచి పోశాను. కొంచెం లోపలికి వెళ్ళాయి.”

“తర్వాత?”

“తర్వాత అనలేదు. నాలుగులోంచి ఒకటి పోతే మూడు. మూడు వందల డెబ్భై ఆరు.”

“దేవుడా.”

“తప్పా టీచర్?”

“ఆ వ్యానులో ఎవరెవరు వెళ్తున్నారు?”

“ముందు సీట్లో నాన్నా, నేనూ. అమ్మని అడిగితే, సామానుతో పాటు చూద్దాం అన్నారు.”

“ఆ చప్పుడు విన్నావా?”

“బీరువా.”

“బీరువానే... ఇటు చూడు. లెక్క మళ్ళీ మొదట్నుంచి చెయ్యాలి. గట్టిగా చదువు, ఆపకు. రెండులోంచి ఎనిమిది పోదు. ఏం చెయ్యాలి?”

“సరిపెట్టుకోవాలి.”

“కాదు. మీ నాన్న చెప్పింది పక్కన పెట్టు. పక్కింటి తలుపు కొట్టాలి.”

“పక్కింట్లో సున్నా ఉంది టీచర్.”

“ఏంటి?”

“నాలుగు వందల రెండులో మధ్య ఇల్లు సున్నా. కొట్టినా తియ్యడానికి ఎవరూ ఉండరు.”

“అవును కదా... దానికీ రాశారు, వెనక పేజీలో. ‘పక్కింట్లో సున్నా ఉంటే ఆ పై ఇంటికి వెళ్ళాలి. వందల ఇల్లు పదుల ఇంటికి ఇస్తుంది, పదుల ఇల్లు మనకి ఇస్తుంది. పెద్ద లెక్క చూసి పిల్లలు బెదురుతారు కాబట్టి ఇక్కడ టీచరు వాళ్ళకి ధైర్యం చెప్పాలి.’”

“చెప్పండి టీచర్.”

“ఏం చెప్పను?”

“ధైర్యం.”

“... చెబుతాను. చెబుతానుండు. నా ఫోను వంటింట్లో ఉంది. నేను వెళ్ళి పోలీసులకి చేస్తాను. నువ్వు ఇక్కడే కూర్చుని గట్టిగా ఎక్కాలు చదువు. మన ఎక్కాల రాణివి కదా నువ్వు. ఏడో ఎక్కం, ఎనిమిదో ఎక్కం, ఏది వస్తే అది. నేను వచ్చేదాకా ఆపకు. పాఠం జరుగుతోందనుకోవాలి గోడవతల.”

“పోలీసులు ఏమడుగుతారు టీచర్?”

“ఎక్కడ, ఏమైంది, ఎప్పట్నుంచి అని.”

“ఎప్పట్నుంచి అంటే ఏం చెబుతారు?”

“నాకు ఇప్పుడే తెలిసిందని చెబుతాను.”

“ఇప్పుడేనా?”

“ఇప్పుడే కదా నువ్వు చెప్పింది. ముందే ఒక్క మాట అనకూడదా? ఇంత పలచటి గోడకి ఇటు పక్కన నేనుండగా... మొన్ననే పరిగెత్తుకొచ్చి నా తలుపు ఒక్కసారి కొట్టి ఉంటే, ఎంత మాత్ర వేసుకున్నా లేచి తియ్యనూ?”

“కొట్టాను టీచర్. వానలో, చెయ్యి వాచేదాకా. మొదటిసారి కొట్టినప్పుడు మీ గదిలో లైటు వెలుగుతోంది. రెండోసారి కొట్టేసరికి ఆరిపోయింది.”